పాదం వాపును మిల్లీలీటర్లలో కొలవడం ఎలా: చిన్న క్లినిక్‌లోనూ నడిచే పద్ధతులు

పాదం వాపుతో వచ్చిన పేషెంటు కేస్ షీట్ తిరగేస్తే ఎక్కువగా కనిపించే మాట “వాపు కొంచెం తగ్గింది”. ఎంత తగ్గిందో, దేనితో పోలిస్తే తగ్గిందో అందులో ఉండదు. వేలితో నొక్కి, గుంట లోతును బట్టి ఒకటి ప్లస్, రెండు ప్లస్ అని రాయడం మొదటి పరీక్షకు సరిపోతుంది. కానీ నొక్కే బలం, నొక్కి ఉంచే సమయం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి చెయ్యి మారితే ప్లస్‌లు కూడా మారిపోతాయి. రెండు వారాల చికిత్స పనిచేసిందో లేదో తేల్చడానికి ఇది చాలదు.

అంకె కావాలంటే లక్షలు పోసి స్కానర్ కొనాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. ఒక టబ్బు, ఒక డిజిటల్ కాటా, ఒక థర్మామీటర్, ఒక సన్న టేపు ఉంటే పాదం ఘనపరిమాణం నమ్మదగ్గ స్థాయిలో తెలుస్తుంది. ఖర్చు తక్కువే గాని క్రమశిక్షణ ఎక్కువ కావాలి. ఈ గైడ్‌లో సామాను గురించి తక్కువగానూ, కొలిచే తీరు గురించి ఎక్కువగానూ ఉండటానికి కారణం అదే.

ముందు పాదాన్ని చూడండి

టబ్బు బయటికి తీసే ముందు ఈ పాదాన్ని కొలవడమే మొదటి పనా అని ఒక్క నిమిషం ఆలోచించండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్కలో నొప్పి ఉంటే సిరలో గడ్డ కట్టిందేమో ముందు చూడాలి. మధుమేహం ఉన్నవారి పాదం ఒకటి వేడిగా, ఎర్రగా, వాచి ఉండి నొప్పి మాత్రం పెద్దగా లేదంటే షార్కో పాదం (నరాలు దెబ్బతిని స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు చెదిరిపోయే జబ్బు) అనుమానించాలి. వాపుతో పాటు ఆయాసం ఉంటే దారి వేరు. ఇలాంటివారిని ముందు డాక్టరుకు చూపించాలి. మిల్లీలీటర్ల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

తెరిచిన పుండు, మానని కుట్లు, చర్మానికి ఇన్ఫెక్షన్, వేళ్ల మధ్య ఫంగస్, ఎముకకు బయట నుంచి వేసిన ఫిక్సేటర్: వీటిలో ఏది ఉన్నా నీటి పద్ధతి వద్దు, టేపు వాడండి. పుండు నుంచి స్రావం కారుతుంటే టేపు కూడా పుండుకు తగలని దారిలోనే తిప్పాలి, ఆ టేపు ఆ పేషెంటుకే ఉండాలి. స్పర్శ తగ్గిన పాదాలకు నీటి వేడిని థర్మామీటరుతోనే చూడాలి. “వేడిగా ఉందా?” అని పేషెంటును అడిగి లాభం లేదు.

అన్ని పద్ధతులకూ వర్తించే నాలుగు విషయాలు

మొదటిది వేళ. పొద్దుటి పాదం, సాయంత్రం పాదం ఒకటి కాదు. నిలబడి పనిచేసేవారిలో ఈ తేడా మరీ ఎక్కువ. పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఇంకోసారి కొలిస్తే చికిత్స ఫలితమేదో, రోజు గడిచిన ఫలితమేదో విడదీయలేం. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే వీలైనంతవరకు అదే గంటకు ఇవ్వండి.

రెండోది విశ్రాంతి. నడిచి వచ్చినవారిని అందరినీ ఒకే భంగిమలో ఒకే సమయం ఉంచాలి. పదిహేను నిమిషాలు పడుకోబెడతారా, పది నిమిషాలు కూర్చోబెడతారా అన్నది మీ వీలు. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. కంప్రెషన్ స్టాకింగ్ (వాపు తగ్గడానికి కాలిని నొక్కి పట్టే బిగుతు మేజోడు) వేసుకునేవారైతే దాన్ని ఎప్పుడు తీశారో సమయం రాసుకోండి. తీసిన క్షణం నుంచే పాదం మారడం మొదలవుతుంది.

మూడోది నీటి ఉష్ణోగ్రత. వేడి నీళ్లలో రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, చన్నీళ్లలో ముడుచుకుంటాయి. ఒంటికి వేడిగానూ చల్లగానూ అనిపించని 30 డిగ్రీల దగ్గర పెట్టుకుని, ప్రతిసారీ ఒక డిగ్రీ అటూ ఇటూలో ఉంచితే చాలు.

నాలుగోది రెండో కాలు. జబ్బు ఒక కాలికే ఉన్నా ప్రతి విజిట్‌లో రెండు పాదాలూ కొలవండి. ఆరోగ్యవంతుల్లో కూడా కుడి, ఎడమ కచ్చితంగా సమానంగా ఉండవు కాబట్టి రెండో కాలును నార్మల్ అనుకోకూడదు. దాని అసలు ఉపయోగం చివర్లో లెక్క దగ్గర తెలుస్తుంది.

మిల్లీలీటర్లను గీతల మీద చదవకండి, తూకం వేయండి

నీటి పద్ధతుల్లో నేను గట్టిగా పట్టుబట్టే మార్పు ఇదొక్కటే. పొర్లిన నీటిని పెద్ద కొలజాడీలో పోసి, కళ్లు గీతకు సమంగా పెట్టి చదవడం పాత అలవాటు. రెండు లీటర్ల జాడీ మీద గీతలు 20 మి.లీ.కి ఒకటి చొప్పున ఉంటే పాదంలో 20 మి.లీ. తగ్గుదల చూడాలనుకున్నవారికి అది పనికిరాదు. వంటింట్లో వాడే 5 కిలోల డిజిటల్ కాటా ఒక్క గ్రాము వరకు చూపిస్తుంది. నీళ్ల విషయంలో గ్రామంటే దాదాపు మిల్లీలీటరే.

‘దాదాపు’ అన్నది ఎంతో కూడా తెలుసుకోండి. 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత మి.లీ.కి 0.9957 గ్రాములు. 1,200 గ్రాముల నీళ్లు పొర్లితే అసలు ఘనపరిమాణం 1,205 మి.లీ. అన్నమాట. ఉష్ణోగ్రత ప్రతిసారీ ఒకటే ఉంటే ఈ 5 మి.లీ. తేడా అన్ని కొలతల్లోనూ ఒకేలా ఉంటుంది, మార్పు చూసేటప్పుడు రద్దయిపోతుంది. సవరించాల్సిన పనే లేదు.

కాటా విషయంలో ఒక జాగ్రత్త. చాలా డిజిటల్ కాటాలు సున్నా దగ్గర వచ్చే నెమ్మది మార్పులను తమంతట తామే సర్దేసుకుంటాయి. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, అందులో చుక్కచుక్కగా నీళ్లు పడనిస్తే ఆ చుక్కలు కొన్నిటిని కాటా లెక్కలోకే తీసుకోకపోవచ్చు. అందుకని గిన్నెను ముందే తూచి బరువు రాసుకోండి. నీళ్లు పట్టాక మళ్లీ తెచ్చి కాటా మీద పెట్టండి. బ్యాటరీతో నడిచే కాటానే వాడండి, నీళ్ల పక్కన ప్లగ్ వైరు ఉండకూడదు.

పద్ధతి 1: నీళ్లు పొర్లించి తూచడం

టబ్బు ఇలా ఉండాలి: లోపల పొడవు 34 సెం.మీ., వెడల్పు 14 సెం.మీ., ఎత్తు సుమారు 22 సెం.మీ. గోడలు గట్టిగా ఉండాలి. నీళ్ల బరువుకు ఉబ్బే మెత్తని ప్లాస్టిక్ పనికిరాదు. ముందు గోడకు, అడుగు నుంచి 15 సెం.మీ. ఎత్తులో రంధ్రం చేసి, 12 నుంచి 15 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న చిన్న గొట్టాన్ని బయటికి కాస్త వాలుగా అమర్చి సిలికాన్‌తో మూసేయండి. గొట్టం మరీ సన్నగా ఉంటే చుక్కలు ఆగడానికి చాలాసేపు పడుతుంది. పదిహేను సెంటీమీటర్లే ఎందుకంటే, పెద్దవారిలో చీలమండ బుడిపెలు రెండూ ఆ ఎత్తుకు నిండా మునుగుతాయి, నీటి గీత కాలు సన్నగా ఉండే చోటికి వస్తుంది.

ఈ కొలతల టబ్బులో నీటి ఉపరితలం 476 చదరపు సెంటీమీటర్లు. అంటే నీటి మట్టంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే 48 మి.లీ. తేడా వచ్చినట్టే. ఈ పద్ధతిలో నమ్మకమంతా ఇక్కడే నిలబడుతుంది, ఇక్కడే కూలుతుంది. టబ్బు ఎంత వెడల్పయితే పొరపాటు అంత పెద్దది. గుండ్రటి బకెట్ వాడొద్దనేది ఇందుకే.

చేసే వరుస:

1. టబ్బును చదునైన నేల మీద పెట్టి రసమట్టంతో సరిచూడండి. ప్రతిసారీ అదే చోట పెట్టేలా నేల మీద టేపుతో గుర్తు వేయండి.

2. 30 డిగ్రీల నీటిని గొట్టం కంటే పైకి పోసి, ఎక్కువైంది పొర్లిపోనివ్వండి. పొడి గొట్టం కొంత నీటిని అంటిపెట్టుకుంటుంది కాబట్టి గొట్టం లోపల ముందే తడవాలి. మట్టం గొట్టం దాకా పోసి ఆపేస్తే అది తడవదు.

3. ధార చుక్కలుగా మారాక ఆగండి. చుక్కకూ చుక్కకూ మధ్య 10 సెకన్లు దాటితే ఆగినట్టు లెక్క అని నియమం పెట్టుకోండి. ఎన్ని సెకన్లన్నది ముఖ్యం కాదు. పాదం పెట్టకముందూ, పెట్టాకా అదే నియమం పాటించాలి. అప్పుడు గొట్టం అంచున నిలిచిపోయే నీరు రెండుసార్లూ ఒకేలా ఉండి లెక్కలోంచి పోతుంది.

4. ముందే తూచిన పొడి గిన్నెను గొట్టం కింద పెట్టండి.

5. పేషెంటు కుర్చీలో కూర్చోవాలి. మోకాలు 90 డిగ్రీలు, మోకాలి కింది కాలు నిటారు. పాదాన్ని మీ చేతులతో పట్టుకుని, “కాలు బరువు నాకు వదిలేయండి, మీరు కిందికి తొయ్యకండి” అని చెప్పి పదిపదిహేను సెకన్లలో నెమ్మదిగా దించండి. వేళ్లు గొట్టం వైపు, మడమ వెనక గోడకు ఆని ఉండాలి. ఒక్కసారిగా దించితే అల లేచి నీళ్లు గోడ పైనుంచి పోతాయి, అప్పుడు ఆ కొలత వదిలేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

6. వేళ్ల మధ్య గాలి బుడగలు చిక్కుకుంటాయి. వేళ్లు ఒక్కసారి విప్పి ముడవమనండి. బుడగలు పైకి రావడం కనిపిస్తుంది. తర్వాత కదలొద్దు.

7. అదే 10 సెకన్ల నియమంతో ఆగండి. గిన్నెను పక్కకు తీశాకే పాదం బయటికి తీయాలి.

8. గిన్నె తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి. వచ్చిన గ్రాములే మీ మిల్లీలీటర్లు.

9. పాదం తనతో కొంత నీటిని తీసుకెళ్లిపోతుంది. కాబట్టి రెండో కొలతకు ముందు మళ్లీ నింపి, మళ్లీ పొర్లించి, మళ్లీ ఆగండి. రెండు కొలతల మధ్య తేడా 15 గ్రాములు దాటితే మూడోది తీసి, మూడింటిలో మధ్య విలువను రాయండి. దగ్గరగా ఉన్న రెండింటిని ఏరుకుని సగటు తీయకండి. అలా చేస్తే మీ పొరపాటు ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది.

వారానికోసారి టబ్బుకే పరీక్ష పెట్టండి. మూడో మెట్టు దాకా చేసి, కచ్చితంగా 1,000 గ్రాములు తూచిన నీటిని గోడ వెంబడి నెమ్మదిగా పోయండి. గిన్నెలోకి 995 నుంచి 1,005 గ్రాములు రావాలి. రాకపోతే గొట్టం అంచున జిడ్డు పేరుకుందో, టబ్బు ఒరిగిందో, తొందరపడి ముందే ఆపేస్తున్నారో చూడండి.

వచ్చిన అంకె నమ్మదగినదేనా అని ఒక చూపు చూడ్డానికి మరో లెక్క ఉంది. బయోమెకానిక్స్ పట్టికల ప్రకారం ఒక పాదం బరువు ఒంటి బరువులో 1.45 శాతం, సాంద్రత మి.లీ.కి 1.1 గ్రాములు. 70 కిలోల మనిషికి ఇది 920 మి.లీ. దాకా వస్తుంది. చీలమండ పైన మునిగే ఆరేడు సెంటీమీటర్ల కాలు ఇంకో 250 మి.లీ. కలుపుతుంది. అలాంటి మనిషికి 1,170 దరిదాపుల్లో వస్తే సబబుగానే ఉన్నట్టు. 600 వస్తే మాత్రం పాదాన్ని కాదు, మీ టబ్బును అనుమానించండి.

ప్రతి పేషెంటు తర్వాత నీళ్లు పారబోసి, టబ్బును సబ్బుతో కడిగి, మీ దగ్గర వాడే క్రిమిసంహారకంతో తుడిచి ఆరబెట్టండి. ఇందులో బద్ధకం పనికిరాదు.

పద్ధతి 2: పాదాన్ని నీటిలో వేలాడదీయడం

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పొర్లించే పని లేదు, చుక్కల కోసం ఎదురుచూపులు లేవు. నీళ్లున్న టబ్బును కాటా మీద పెట్టి, పాదాన్ని అడుగుకూ గోడలకూ తగలకుండా నీటిలో ముంచితే, పాదం ఎంత నీటిని తోసిందో ఆ నీటి బరువు మేరకు కాటా అంకె పెరుగుతుంది. ఆర్కిమిడీస్ సూత్రమే ఇది. నీరు పాదాన్ని ఎంత బలంతో పైకి నెడుతుందో, పాదం కూడా నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. ఆ బలమే కాటా మీద పడుతుంది. పాదం అసలు బరువు పేషెంటు తొడ మీద, కుర్చీ మీద ఉంటుంది కాబట్టి అది లెక్కలోకి రాదు.

దీనికి పెద్ద కాటా కావాలి. టబ్బు, నీళ్లు కలిపి పది కిలోల దాకా ఉంటాయి కనుక 15 లేదా 30 కిలోల వరకు తూచే సామర్థ్యం, 5 గ్రాములు లేదా అంతకంటే చిన్న మెట్లు ఉన్నది చూసుకోండి. ఒంటి బరువు చూసుకునే కాటాలు చాలావరకు 100 గ్రాముల మెట్లలో చూపిస్తాయి, అవి పనికిరావు.

ముందు గుర్తు పెట్టాలి. పేషెంటు పాదం నేల మీద చదునుగా ఆనించి ఉండగా, నేల నుంచి సరిగ్గా 15 సెం.మీ. ఎత్తులో చర్మం మీద పెన్నుతో ముందు, వెనక, రెండు పక్కలా గీతలు పెట్టండి. ఎత్తయిన బల్ల మీద కూర్చోబెట్టి తొడ కింద గట్టి దిండు పెట్టండి. తొడకు ఆసరా లేకపోతే కాలు వణికి అంకె నిలవదు. టబ్బులో నీళ్లు పైఅంచుకు బాగా కిందే ఉండాలి, పాదం మునిగితే మట్టం రెండుమూడు సెంటీమీటర్లు లేస్తుంది. కాటా అంకె రాసుకుని, పాదాన్ని గీత నీటికి తగిలేదాకా దించి, అంకె నిలిచాక మళ్లీ రాసుకోండి. తేడాయే ఘనపరిమాణం. వేలి కొస అడుగుకు తగిలితే అంకె ఒక్కసారిగా వందల గ్రాములు ఎగురుతుంది, మీకే తెలిసిపోతుంది. గోడకు మెల్లగా ఆనితే మాత్రం అంత స్పష్టంగా తెలియదు కాబట్టి పక్కనుంచి కనిపించే పారదర్శకమైన టబ్బు మేలు.

ఇందులో టబ్బు వెడల్పుతో నిమిత్తం లేకపోవడం గొప్ప సుఖం. పొరపాటు వచ్చేది కాలి మీది గీత దగ్గరే. చీలమండ పైన కాలు చుట్టుకొలత 22 సెం.మీ. అనుకుంటే అక్కడి అడ్డుకోత వైశాల్యం 38.5 చదరపు సెంటీమీటర్లు. గీత ఒక మిల్లీమీటరు తప్పితే తేడా 4 మి.లీ. లోపే. పొర్లించే పద్ధతిలో మట్టం ఒక మిల్లీమీటరు తప్పితే 48. అందుకే కాటా దొరికినచోట దీనికే నా ఓటు. అయితే కాలు వేలాడదీయలేనివారు, వణుకు ఉన్నవారు, తుంటి నొప్పి ఉన్నవారు ఉంటారు. వారికి మొదటి పద్ధతే మంచిది.

పాదాన్ని నిండు టబ్బులోకి దించడానికి భయపడే పెద్దవారికి మరో దారి ఉంది. ఖాళీ టబ్బు గొట్టం దాకా నిండటానికి ఎన్ని గ్రాముల నీళ్లు పడతాయో ముందే తూచి పెట్టుకుంటారు. తర్వాత పాదం ఖాళీ టబ్బులో హాయిగా ఆనించి ఉండగా తూచిన నీళ్లు పోస్తారు. ఎన్ని గ్రాములు తక్కువ పట్టాయో అదే పాదం. రెండు పెద్ద అంకెల తేడా తీస్తున్నాం కాబట్టి పొరపాటు కాస్త ఎక్కువే, కానీ కొలవకుండా వదిలేయడం కంటే నయం.

పద్ధతి 3: టేపుతో ఎనిమిది అంకె

పుండు ఉన్నా, నీళ్లు లేకపోయినా, మంచం దగ్గరే కొలవాలన్నా ఇదే ఆధారం. ఇది ఘనపరిమాణం ఇవ్వదు, సెంటీమీటర్లు ఇస్తుంది. కానీ చీలమండ, పాదం కలిసే చోట వాపు పెరిగిందా తగ్గిందా అనేది ఒకే వ్యక్తిలో బాగా పట్టిస్తుంది. చీలమండ బెణికినవారి మీద చేసిన పరీక్షల్లో నీటి పద్ధతితో దీని ఫలితాలు దగ్గరగా సరిపోలాయి.

టేపు 6 మి.మీ. వెడల్పు ఉన్న సన్నది, సాగనిది కావాలి. దర్జీ టేపు వెడల్పుగా ఉండి వంపుల దగ్గర మడత పడుతుంది, వాడగా వాడగా సాగుతుంది కూడా. పేషెంటు పడుకుని గానీ కాలు చాచి కూర్చుని గానీ ఉండాలి, పాదం కాలికి 90 డిగ్రీల్లో ఉండాలి. పాదం కిందికి వాలితే అంకె మారిపోతుంది. తనంతట తాను నిలపలేకపోతే అరికాలికి ఒక చెక్క ఆనించండి.

దారి ఇది. చీలమండ ముందువైపు, బయటి బుడిపెకూ టిబియాలిస్ యాంటీరియర్ టెండన్‌కూ (పాదం పైకెత్తితే చీలమండ ముందు ఉబ్బి కనిపించే, కండను ఎముకకు కలిపే తాడు) మధ్యలో టేపు సున్నా పెట్టండి. అక్కడి నుంచి పాదం పైగా లోపలివైపుకు తీసుకెళ్లి నావిక్యులర్ బుడిపెకు (పాదం లోపలి అంచున చేతికి తగిలే ఎముక బుడిపె) కాస్త ముందుగా దించండి. అరికాలి కింద నుంచి బయటివైపుకు తెచ్చి, ఐదో మెటాటార్సల్ (చిటికెన వేలి వెనక ఉండే పాదపు ఎముక) మొదలుకు కాస్త వెనగ్గా పైకి తేల్చండి. మళ్లీ పాదం పైగా, టిబియాలిస్ టెండన్ మీదుగా లోపలి చీలమండ బుడిపె కింది అంచుకు వెళ్లండి. వెనక అకిలిస్ టెండన్‌ను చుట్టి, బయటి బుడిపె కింది అంచు మీదుగా మొదలుపెట్టిన చోటికి రండి. ఈ చోట్లన్నిటికీ ముందే పెన్నుతో చుక్కలు పెట్టుకుంటే టేపు దారి తప్పదు.

ఇందులో శత్రువు లాగుడు. చర్మానికి టేపు అంతటా ఆనాలి, ఎక్కడా చర్మం నొక్కుకోకూడదు. మెత్తటి వాపు మీద కొంచెం లాగినా అంకె పడిపోతుంది, అదీ మనం తగ్గాలని కోరుకునే దిశలోనే. అందుకే ఒక ఉపాయం. అంకెలు లేని వైపు పైకి ఉండేలా టేపు చుట్టండి. కలిసిన చోట గోటితో పట్టుకుని, విప్పాక తిప్పి చదవండి. పోయినసారి అంకె ముందే చూడకండి. కేస్ షీట్ తర్వాత తెరవండి. మన చెయ్యి మనకు తెలియకుండానే కోరుకున్న అంకె వైపు లాగుతుంది, అది నిజాయితీ లేక జరిగేది కాదు.

మూడుసార్లు చుట్టి సగటు రాయండి. అర సెంటీమీటరు తేడా చూసి సంబరపడే ముందు మీ చేతి పొరపాటు ఎంతో కట్టుకోండి. దాని లెక్క కింద ఉంది.

చుట్టుకొలతల నుంచి ఘనపరిమాణం కట్టే శంకుఖండం (కొస కోసేసిన శంకువు) సూత్రం గురించి కూడా చెప్పాలి. రెండు చుట్టుకొలతలు, మధ్య ఎత్తు తెలిస్తే, మొదటి చుట్టుకొలత వర్గం, రెండోదాని వర్గం, రెండింటి లబ్ధం ఈ మూడూ కలిపి, ఎత్తుతో గుణించి, 37.7తో భాగిస్తే ఆ ముక్క ఘనపరిమాణం వస్తుంది. 22, 23.5 సెం.మీ. చుట్టుకొలతలు 4 సెం.మీ. దూరంలో ఉంటే 165 మి.లీ. లింఫెడిమా (లింఫు ద్రవం నిలిచిపోయి వచ్చే వాపు) ఉన్న కాలుకు, చీలమండ పైనుంచి తొడ దాకా ఇది చక్కగా పనిచేస్తుంది. పాదానికి మాత్రం పనికిరాదు. మడమా వేళ్లూ శంకువులా ఉండవు కదా. అందుకని కాలుకు టేపు, పాదానికి నీళ్లు అని విడదీసి, రెండింటినీ వేర్వేరుగానే రాసుకోవడం మంచిది.

ఫోన్‌తో త్రీడీ స్కాన్ తీసే యాప్‌లు వస్తున్నాయి. తాకకుండా కొలవచ్చు కాబట్టి పుండ్లు ఉన్నవారికి ఆశ కలిగించేవే. వేళ్ల మధ్య సందులూ, అరికాలూ కెమెరాకు సరిగ్గా కనబడవు, ఆ భాగాలను యాప్ తనే ఊహించి పూరిస్తుంది. వాడదలచుకుంటే మీ నీటి టబ్బుతో పక్కపక్కన కొలిచి చూసుకున్నాకే వాడండి.

మీ చేతి పొరపాటు ఎంతో లెక్క కట్టండి

పది మిల్లీలీటర్లు తగ్గితే అది వాపు తగ్గడమా, కొలతలో ఊగిసలాటా? ఇది తేల్చకుండా పై పద్ధతుల్లో ఏదీ నమ్మదగినది కాదు. వేరే ఊళ్లో, వేరే టబ్బుతో వేరేవాళ్లు రాసిన అంకె మీకు వర్తించదు. మీ క్లినిక్‌కు మీరే కట్టుకోవాలి. ఒక్క వారం శ్రద్ధ పెడితే చాలు.

వాపు లేని లేదా వాపు నిలకడగా ఉన్న పదిమందిని ఎంచుకోండి. సిబ్బందే అయినా ఫరవాలేదు. ఒక్కొక్కరినీ వేర్వేరు రెండు రోజుల్లో, అదే వేళకు, ఒకే పాదాన్ని కొలవండి. ఒకే పూట వెంటవెంటనే రెండుసార్లు కొలిస్తే రోజుకూ రోజుకూ మధ్య వచ్చే మార్పు లెక్కలోకి రాదు, పొరపాటు చిన్నదని భ్రమ కలుగుతుంది.

ఊహకు ఒక ఉదాహరణ. పదిమంది తేడాలు మి.లీ.లో ఇలా వచ్చాయనుకోండి: 6, −4, 9, −3, 12, −8, 5, −10, 7, 2. ఒక్కోదాన్ని వర్గం చేసి కలిపితే 528. దాన్ని 20తో, అంటే మనుషుల సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే 26.4. వర్గమూలం 5.1. ఇది ఒక కొలతలో ఉండే సగటు పొరపాటు. దీన్ని 2.77తో గుణిస్తే 14. అంటే ఈ క్లినిక్‌లో ఒకే పాదం రెండు విజిట్‌ల మధ్య 14 మి.లీ. కంటే ఎక్కువ మారితేనే, నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతో, అది నిజమైన మార్పు. అంతకు లోపలైతే “మార్పు లేదు” అని రాయాలి. పేషెంటుకూ అలాగే చెప్పాలి.

ఇద్దరు ముగ్గురు కొలిచే చోట ఇదే లెక్క మళ్లీ కట్టాలి, ఈసారి మొదటి రోజు ఒకరు, రెండో రోజు ఇంకొకరు. అంకె పెరుగుతుంది. మరీ పెరిగిందంటే పద్ధతి ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చేస్తున్నట్టు. సాధారణంగా తేడా దొరికేది మూడో మెట్టులో, చుక్కలు ఆగాయని ఎవరెప్పుడు అనుకుంటున్నారో అక్కడ. వీలైతే ఒక పేషెంటును మొదటినుంచి చివరిదాకా ఒకరే కొలవడం ఉత్తమం.

అంకెలను చదవడం

రెండో కాలు ఇక్కడే అక్కరకొస్తుంది. కుడి పాదం వాచిన ఒకరికి మొదటి రోజు కుడి 1,310, ఎడమ 1,180 మి.లీ. అనుకుందాం. తేడా 130, అంటే ఎడమతో పోలిస్తే 11 శాతం ఎక్కువ. రెండు వారాలకు కుడి 1,245, ఎడమ 1,175. కుడి పాదం 65 తగ్గింది, కానీ ఎడమ కూడా 5 తగ్గింది. కాబట్టి చికిత్స వల్ల తగ్గిందని చెప్పుకోగలిగింది 60. తేడాల తేడా తీస్తున్నప్పుడు పొరపాటు హద్దు కూడా పెరుగుతుంది, 14 కాస్తా 20 అవుతుంది. 60 దాన్ని బాగా దాటింది, ఇది నిజమైన తగ్గుదలే.

అదే రెండు పాదాలూ చెరో 60 తగ్గాయనుకోండి. అప్పుడు కుడి పాదానికి చేసిన చికిత్సను మెచ్చుకోవడానికి లేదు. మందులేమైనా మారాయా, కొలిచిన వేళ మారిందా, ముందురోజు ప్రయాణం చేశారా అని అడగాలి. రెండూ పెరుగుతూ పోతుంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం వైపు, వాడుతున్న బీపీ మాత్రల వైపు చూడమని డాక్టరుకు రాయాలి.

ఘనపరిమాణం అంటే నీరొక్కటే కాదని కూడా గుర్తుంచుకోండి. కట్టు విప్పాక చీలమండ పైన కండ కరిగి ఉంటుంది, విరిగిన చోట ఎముక కొత్తగా కట్టి లావెక్కి ఉండొచ్చు. మొత్తం అంకె మామూలుగానే ఉండి, చర్మం మాత్రం వేలికి గుంట పడుతుంటే రెండూ రాయండి. నొక్కి చూడటం మానేయమని ఎవరూ చెప్పడం లేదు.

రికార్డులో ఒక్కో కొలతకు ఒక వరుస చాలు: తేదీ, సమయం, పద్ధతి, నీటి ఉష్ణోగ్రత, గీత ఎత్తు, కుడి పాదం రెండు కొలతలు, ఎడమ పాదం రెండు కొలతలు, స్టాకింగ్ తీసిన సమయం, కొలిచినవారి పేరు. పద్ధతి మధ్యలో మార్చాల్సి వస్తే, ఉదాహరణకు పుండు పడి నీటి నుంచి టేపుకు వెళ్లాల్సి వస్తే, పాత అంకెల కింద గీత కొట్టి కొత్త వరుస మొదలుపెట్టండి. మార్చేది ముందే తెలిసి, నీళ్లలో పెట్టడానికి ఇబ్బంది లేకపోతే, ఆ ఒక్క విజిట్‌లో రెండు పద్ధతులతోనూ కొలిచి పక్కపక్కన రాయండి.